రెండు నీళ్ళ బిడ్డ

అబెవొకుటా ఊళ్ళో ఇటోకూ బజారు వెనక వీధిలో, వాకిట్లో నీలిమందు కుండలు వరసగా కనిపించే ఇల్లు అబేకేది. శుక్రవారం మధ్యాహ్నం ఆ గుమ్మంలోంచి ఒక మనిషి తల మీద తెల్ల ముసుగు కప్పుకుని మసీదుకి బయలుదేరేది. ఆదివారం పొద్దున్నే అదే గుమ్మంలోంచి తెల్ల అంగీ తొడుక్కుని, కాళ్ళకి చెప్పుల్లేకుండా, తెల్లంగీల వాళ్ళ చర్చికి బయలుదేరేది. రెండుసార్లూ ఆ మనిషి అబేకేయే. రెండుసార్లూ ఆవిడ వేలు పట్టుకుని కూతురు మొరెనికే. బట్టలైతే మారేవి గానీ చేతులు మాత్రం ఏ రోజైనా మోచేతుల దాకా నీలమే. కోడి ఈకతో కర్రపెండలం గంజి ముంచి బట్ట మీద చిలకలూ చేపలూ గీసి, నీలి కుండలో ముంచి తీసే పని ఆవిడది. ఆ రంగు ఏ సబ్బుకీ వదిలేది కాదు.

వీధి మొదట్లో బొబ్బర్ల వడలు వేయించే వురావోలా ఆవిడని ఊరికే పోనిచ్చేది కాదు.

"ఏమ్మా మొరెనికే అమ్మా, ఇవాళ ఎవరి వంతు?"

"ఇవాళ శుక్రవారం కదక్కా."

"వారం నాకూ తెలుసులే. నువ్వెప్పుడైనా పొరబాటున ఆదివారం ముసుగేసుకు పోతే దేవుడు పోల్చుకోలేడేమోనని నా బెంగ."

"నీ వడల్ని ఊరంతా ఎలా పోల్చుకుంటోందీ? ఉప్పు లేనివైతే నీవేనని. అలాగే పోల్చుకుంటాడు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు, వురావోలా కూడా నవ్వేది. కానీ ఆవిడకి అసలు సంగతి తెలియక కడుపు ఉబ్బరంగానే ఉండేది. ఆ ఊళ్ళో ఒకే కప్పు కింద అన్న మసీదుకీ తమ్ముడు చర్చికీ పోవడం వింతేమీ కాదు. బక్రీదు మాంసం ఆ ఇంటి నుంచి ఈ ఇంటికీ, క్రిస్మస్ అన్నం ఈ ఇంటి నుంచి ఆ ఇంటికీ నడిచి వెళ్ళేవి. ఒక ఇంట్లో రెండూ ఉంటే ఎవరూ కళ్ళెత్తి చూడరు. ఒకే మనిషిలో రెండూ ఉండేసరికి ఎవరికీ మింగుడుపడలేదు.

అసలు సంగతి అబేకేకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆవిడ తండ్రి చర్చిలో గంట కొట్టేవాడు. ఆవిడ మొగుడు, సైకిళ్ళు బాగుచేసే లామిడి, ముస్లిం. బజారులో ఆ నీలం చేతులు చూసి మనసుపడి చేసుకున్నాడు. పెళ్ళినాడు ఎవరూ ఎవరినీ మారమని అడగలేదు. కానీ తొమ్మిదేళ్ళు గడిచినా కడుపు పండలేదు. అక్కడ పెళ్ళయి వచ్చిన పిల్లని బిడ్డ పుట్టేదాకా 'కొత్తకోడలా' అనే పిలుస్తారు. పుట్టాక ఆ బిడ్డ పేరు పెట్టి ఫలానా అమ్మ అంటారు. తన వెనక ఆ లోగిలికి వచ్చిన నలుగురూ ఒక్కొక్కరే అమ్మలైపోయారు. ముప్పై దాటినా అబేకే కొత్తకోడలే. కుళాయి దగ్గర ముక్కుపచ్చలారని పిల్లలు "కొత్తకోడలా, కాస్త జరుగు" అంటే, బిందె పక్కకి జరిపి, ముఖం కూడా పక్కకి తిప్పుకునేది.

చివరికి లామిడి ఆవిడని అల్ఫా సాలియు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన మసీదులో పిల్లలకి ఖురాను చెప్పే పెద్దమనిషి. చెక్కపలక మీద సిరాతో వాక్యాలు రాసి, నీళ్ళు పోసి కడిగి, ఆ నల్లటి నీళ్ళు సీసాలో పోసిచ్చాడు.

"ఏడు రోజులమ్మా. పొద్దున్నే, నాలిక మీద ఇంకేదీ పడకముందే తాగాలి. బిడ్డ పుడితే మసీదు బిడ్డ. సరేనా?"

"సరే అల్ఫా గారూ."

అదే వారంలో తోడబుట్టిన అక్క వచ్చి, చెయ్యి పట్టుకుని తెల్లంగీల చర్చికి లాక్కెళ్ళింది. అక్కడ ప్రవక్తమ్మ ఫీబియన్ ఏటి నీళ్ళ చుట్టూ కొవ్వొత్తులు పెట్టి, మధ్యాహ్నమంతా ప్రార్థన చేసి, సీసా చేతిలో పెట్టింది.

"ఏడు రోజులు. పొద్దున్నే, ఇంకే నీళ్ళూ నోట్లో పడకముందు. బిడ్డ పుడితే ఈ బలిపీఠం బిడ్డ. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటానమ్మా."

మర్నాడు పొద్దున్నే అబేకే వంటింట్లో రెండు సీసాలూ ముందు పెట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. ఏది ముందు తాగినా రెండోది వెనకే అవుతుంది కదా. రెండూ ముందే తాగమన్నారాయె. తొమ్మిదేళ్ళ ఆశ చేతిలో పెట్టుకుని తప్పు చేసే ధైర్యం ఎవరికుంటుంది? ఆఖరికి సొరకాయ బుర్ర తీసి, రెండు నీళ్ళూ అందులో పోసి, వేలితో కలిపి, కళ్ళు మూసుకుని తాగేసింది. ఏడు రోజులూ అలాగే తాగింది.

మూడో నెలకల్లా వాంతులు మొదలయ్యాయి.

ఆడపిల్ల పుట్టింది. ముద్దు చేసుకోవడానికి ఒక బిడ్డ దొరికిందని మొరెనికే అని పేరు పెట్టుకున్నారు. ఎనిమిదో రోజు పొద్దున అల్ఫా వచ్చి బిడ్డ చెవిలో ప్రార్థన చెప్పి వెళ్ళాడు. సాయంత్రం అబేకే బిడ్డని గుడ్డలో చుట్టుకుని ఫీబియన్ దగ్గరికి తనే తీసుకెళ్ళింది. ఏ నీళ్ళు పనిచేశాయో చెప్పగలిగిన మనిషి ఈ భూమ్మీద లేడు. కలిపింది తనే. అందుకని రెండు చోట్లా ఇచ్చిన మాట రెండు చోట్లా నిలబెట్టుకోవాలి. ఎవరి మాట తప్పితే వాళ్ళ వాటా బిడ్డని వాళ్ళు వెనక్కి తీసుకుంటారు. బిడ్డలో సగాన్ని తీసుకోవడం కుదరదు కదా, మొత్తం తీసుకుపోతారు. ఈ భయం అబేకే గుండెలో మేకులా దిగబడిపోయింది.

"ఎందుకే అలా తిరుగుతావు, కాళ్ళు నొప్పెట్టవూ?" అన్నాడు లామిడి ఒకరోజు, సైకిలు గొలుసు నూనెలో నానబెడుతూ.

"పిల్లనిచ్చిన వాళ్ళ గడప తొక్కకపోతే బాగుంటుందా?"

"ఇచ్చినవాడు ఒక్కడే కదే. దేవుణ్ణి వాళ్ళూ ఓలోరున్ అనే పిలుస్తారు, మనమూ ఓలోరున్ అనే పిలుస్తాం."

"ఆయన ఒక్కడేలే. ఆయన తలుపు దగ్గర కాపలావాళ్ళే ఇద్దరు."

లామిడి నవ్వుతూ చేతులు తుడుచుకున్నాడు. ఇంకేమీ అడగలేదు. అతను మంచివాడు. అడిగి ఉంటే చెప్పేసేదేమో.

మొరెనికేకి ఆరేళ్ళప్పుడు చర్చిలో పెద్ద ప్రార్థనలు జరిగి, అబేకే మూడు శుక్రవారాలు మసీదుకి వెళ్ళలేకపోయింది. నాలుగో వారం పిల్లకి తట్టు పోసింది. ఎనిమిదేళ్ళప్పుడు రంజాను నెల హడావిడిలో రెండు ఆదివారాలు తప్పాయి. పిల్ల మామిడిచెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఊళ్ళో పిల్లలందరికీ తట్టు పోసిందనీ, ఆ చెట్టు మీంచి పడని పిల్లలే లేరనీ ఎవరైనా చెప్పినా ఆవిడ చెవికెక్కేది కాదు. ఆ తరవాత ఒక్క వారం కూడా తప్పలేదు. రంజానుకి ముప్పై రోజులు పస్తు. ఈస్టరు ముందు నలభై రోజులు మళ్ళీ పస్తు.

"అల్లాకి సాటి లేరమ్మా. ఆదివారం నువ్వెక్కడుంటావో నాకు తెలీదనుకోకు," అనేవాడు అల్ఫా, మెత్తగానే.

"శుక్రవారం నీ మోకాళ్ళు ఎక్కడ వంగుతున్నాయో ప్రభువు చూస్తూనే ఉన్నాడు," అనేది ఫీబియన్, గట్టిగా.

అబేకే ఏదో ఒకటి తేల్చుకోవాలనే విషయంలో తప్ప, ఆ ఇద్దరికీ జన్మలో ఏకాభిప్రాయం కుదరలేదు.

చిన్నప్పుడు మొరెనికేకి ఈ తిరుగుడంటే సరదా. రెండు పండగలు, రెండు జతల కొత్తబట్టలు. ఇబాదాన్‌లో టీచరు చదువుకి వెళ్ళాక, హాస్టలు పిల్లలతో కలిసి ఒక కొత్త చర్చిలో చేరింది. అక్కడ ఆదివారమే కాదు, వారంలో నాలుగు రోజులు పాటలూ ప్రార్థనలే. అక్కడే దేజీ పరిచయమయ్యాడు. తల్లి లేదు, మేనత్త జూలియానా పెంచింది. నెమ్మదైనవాడు. పెళ్ళి మాటలు మొదలయ్యేసరికి లామిడి పోయి రెండేళ్ళయింది.

అక్కడి పద్ధతి ప్రకారం పిల్ల తరపువాళ్ళు తెచ్చిపెట్టాల్సిన వస్తువుల జాబితా రాసి పిల్లాడి ఇంటికి పంపుతారు. పెళ్ళినాడు అవన్నీ బల్ల మీద పేరుస్తారు. పెళ్ళికూతురు అన్నిట్లోకీ తనకి ప్రియమైనది ఒక్కటి చేత్తో ఎత్తాలి. ఎత్తేది ఎప్పుడూ పవిత్ర గ్రంథమే. ఉంగరం దానికే కట్టి ఉంటుంది. క్రైస్తవుల బల్ల మీద బైబిలు, ముస్లింల బల్ల మీద ఖురాను.

అబేకేకి రాయడం రాదు. వురావోలా కళ్ళజోడు పెట్టుకుని రాయడానికి కూర్చుంది.

"పెండలం దుంపలు నలభై రెండు. తేనె సీసా. ఉప్పు సంచీ. గొడుగు. బట్టల పెట్టె. బైబిలు ఒకటి. అంతేనా?"

"ఖురాను ఒకటి."

కలం ఆగిపోయింది. "రెండెందుకే? పిల్లకి ఇద్దరు మొగుళ్ళా?"

"రాయక్కా."

"రాస్తాను గానీ, ఎందుకో చెప్పవే. ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నాను. నా నోరు మంచిది కాదని నాకూ తెలుసు. అయినా చెప్పు."

అబేకే చెప్పలేదు. వురావోలా రాసింది.

వారం తిరక్కుండా ఆ కాగితం వెనక్కి వచ్చింది. ఖురాను అన్న మాట మీద ఎర్ర గీత ఉంది. కాగితం వెనకే మొరెనికే వచ్చింది, బస్సు దిగి, చేతిసంచీ కూడా కింద పెట్టకుండా.

"అమ్మా, ఏంటిది? జూలియానా అత్త ముందు నా తల ఎక్కడ పెట్టుకోను? మా పాస్టరు గారు ఒక్కటే మాట అన్నారు. రెండు పుస్తకాలుంటే ఆయన రారు."

అబేకే బట్ట మీద చేప గీస్తోంది. ఈక ఆపలేదు. "నువ్వు ఎత్తక్కర్లేదే. బైబిలు ఎత్తు. రెండోదాని మీద ఒక్కసారి చెయ్యి వెయ్యి. చాలు."

"ఎందుకు?"

"వెయ్యవే, తల్లీ."

"ఎందుకో చెప్పమ్మా! చిన్నప్పట్నుంచీ ఎందుకూ అంటే ఎప్పుడైనా చెప్పావా?"

ఈక అక్కడే ఆగింది. అప్పుడు చెప్పింది అబేకే. తొమ్మిదేళ్ళూ, కుళాయి దగ్గరి పిలుపూ, రెండు సీసాలూ, సొరకాయ బుర్రా, అన్నీ చెప్పింది. కూతురు ముఖం వైపు చూడకుండా, ఎండుతున్న గంజి వైపు చూస్తూ చెప్పింది.

మొరెనికే అప్పుడు చేతిసంచీ కింద పెట్టింది.

"అంటే ప్రతి శుక్రవారం, ప్రతి ఆదివారం నా వేలు పట్టుకుని తీసుకెళ్ళావే... నేను చచ్చిపోతానని భయంతోనా?"

"అవును."

"నేను ప్రేమనుకున్నానమ్మా."

"రెండూ వేరువేరని నాకెవరూ చెప్పలేదే," అంది అబేకే.

మొరెనికే వంగి తల్లి మోకాళ్ళు పట్టుకుంది. కానీ లేచాక అన్న మాట మాత్రం, "నేను ఎవరి సొత్తూ కాదమ్మా. ప్రభువు బిడ్డని. నాకేమీ కాదు." అలా అని బస్సుకి వెళ్ళిపోయింది. చెయ్యి వేస్తాననీ అనలేదు, వెయ్యననీ అనలేదు. ఆ మధ్యలో మిగిలినదాన్ని పట్టుకుని అబేకే పెళ్ళి దాకా బతికింది.

పెళ్ళిరోజు షామియానా కింద డోళ్ళు మోగుతుంటే, లామిడి ఖురానుని తను అద్దిన నీలం గుడ్డలో చుట్టి తెచ్చింది అబేకే. బల్ల మీద బైబిలు పక్కన పెట్టింది. జూలియానా అత్త దాన్ని రెండు చేతులా మర్యాదగా తీసి, తెచ్చి అబేకే ఒళ్ళో పెట్టింది.

"వదినా, మీ పుస్తకం అక్కడ మర్చిపోయారు."

"మర్చిపోలేదు వదినా," అని అబేకే లేచి, మళ్ళీ తీసుకెళ్ళి అక్కడే పెట్టింది. జూలియానా మళ్ళీ లేవబోయింది. ఈలోగా మొరెనికే ముఖం మీద మేలిముసుగుతో స్నేహితురాళ్ళ మధ్య ఆడుతూ వచ్చేసింది. అందరి ముందూ గొడవెందుకని జూలియానా పెదవి బిగించి కూర్చుండిపోయింది. పాస్టరు గారి కుర్చీ ఖాళీగానే ఉంది.

పెళ్ళి నడిపించే పాటగత్తె గొంతు సవరించుకుంది. "అమ్మాయీ, ఈ బల్ల మీదవన్నీ నీవే. కానీ చేత్తో ఎత్తేది ఒక్కటే! తేనె కావాలా? ఇదిగో గొడుగు. గొడుగు తీసుకుంటే వానాకాలమంతా నీ మొగుడితో పనుండదు!"

జనం గొల్లుమన్నారు. మొరెనికే ముసుగు తొలగించి బల్ల వైపు నడిచింది. కుడిచెయ్యి తిన్నగా బైబిలు మీద పడింది. ఎత్తింది. ఉంగరం తళుక్కుమంది. అప్పుడు ఎడమచెయ్యి లేచింది. మెల్లగా బల్ల మీదుగా నీలం గుడ్డ అంచు దాకా వచ్చింది. జానెడు దూరం. అబేకే ఆ వేళ్ళనే చూస్తోంది. వేలు తగిలినా చాలు, గోరు తగిలినా చాలు.

మొరెనికే ఒక్కసారి దేజీ వాళ్ళ వైపు చూసింది. ఆ చెయ్యి పైకి లేచి, జారని తలగుడ్డని సర్దుకుని కిందికి దిగిపోయింది.

డోళ్ళు హోరెత్తాయి. పెళ్ళికూతురి తల్లి ఆడకపోతే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. అందుకని అబేకే లేచి ఆడింది. నీలం గుడ్డలో పుస్తకాన్ని గుండెకి హత్తుకుని, రెండు పాటల పాటు ఆడింది. ఎంత సంతోషమో ఆ తల్లికి, అన్నారు జనం. వురావోలా మాత్రం అనలేదు.

ఆ ఏడు రంజాను నెల అయ్యింది. చంద్రుడు కనబడ్డాడు. ఊరంతా పండగ చేసుకుంది. పండగ మర్నాటి నుంచి అబేకే మళ్ళీ ఉపవాసం మొదలుపెట్టింది. మొదటి నెల తనది. ఈ రెండో నెల కూతురిది. ఆ పిల్ల ఎవరి గడప వదిలేసిందో ఆ గడపకి ఆవిడే సమాధానం చెప్పాలి కదా. బతికున్నవాళ్ళ ఉపవాసం ఇంకొకళ్ళు ఉండొచ్చా అని అల్ఫాని అడగలేదు. అడిగితే కుదరదంటాడని భయం. మసీదులో నమాజు కూడా రెండుసార్లు చేసేది, ఎవరూ లేనప్పుడు మూలకి జరిగి.

పొద్దున్నే వడలు కొనడానికి రాకపోయేసరికి వురావోలాయే ఇంటికి వచ్చింది. "పండగైపోయిందిగా, ఇంకా ఈ ముఖమేంటే?"

"కడుపులో బాలేదక్కా."

"నెల రోజులుగానా?"

"ఎండలకి."

అలా ఏడేళ్ళు. ఎండలైనా అదే జవాబు, వానలైనా అదే జవాబు. మనిషి చిక్కిపోయింది. రెండో నెలలో ఈక పట్టుకుంటే చెయ్యి వణికేది. చేపలకి తోకలు వంకరపోయేవి, చిలకలకి ముక్కులు కలిసేవి కావు. "ఇవి ఎవరు కొంటారు అవ్వా?" అని బజారు వాళ్ళు బట్టలు వెనక్కి పంపితే, తనే కట్టుకునేది.

మొరెనికే ఇబాదాన్‌ నుంచి ఏడాదికొక్కసారి వచ్చేది. కుర్చీ అంచున కూర్చునేది. ఆ ఇంట్లో ఏమీ తినవద్దని వాళ్ళ చర్చిలో చెప్పారట. తాగడానికి సీసాలో నీళ్ళు తెచ్చుకునేది. అబేకే బలవంతపెట్టేది కాదు. కూతురి బుగ్గలు ఎలా ఉన్నాయో చూసుకునేది. నిండుగా ఉంటే చాలనుకునేది.

ఏడో ఏడు పండగ వెళ్ళిన నెలలో మొరెనికే ఇద్దరు పిల్లల్ని తీసుకుని వచ్చింది. పిల్లలకి ఏ కట్టుబాట్లూ పట్టవు. అమ్మమ్మ పెండలం పిండితో వండిన అమలా ముద్దలు పులుసులో ముంచుకుని మోచేతుల దాకా పూసుకుని తిన్నారు. నాలుగేళ్ళ చిన్నది ఒక ముద్ద తీసి అబేకే నోటి దగ్గర పెట్టింది.

"అమ్మమ్మా, ఆ అను."

"నువ్వు తిను బంగారూ."

"ఊఁహూ, నువ్వే. ఆ అను."

అబేకే పెదవులు మూసుకుని తల పక్కకి తిప్పింది. చిన్నది ఏడుపు ముఖం పెట్టింది. పిల్ల చేత్తో పెట్టిన ముద్దని ఆ ఊళ్ళో ఏ ముసలమ్మా కాదనదు. మొరెనికే చూస్తూనే ఉంది. తల్లి ఎండిన పెదవులు చూసింది, కట్టుకున్న బట్ట మీద వంకర చేపలు చూసింది, పండగ ఎప్పుడైందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"ఇంకెన్ని రోజులున్నాయి?" అంది.

"ఏవి?"

"నావి."

అబేకే అబద్ధం వెతుక్కుంది. దొరకలేదు. "పదకొండు."

"ప్రతి ఏడూనా?"

అబేకే చిన్నదాని మోచెయ్యి తుడుస్తూ తలూపింది.

"ఆపెయ్యమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆపెయ్యి. నేను చచ్చిపోనమ్మా. చూడు, ఏడేళ్ళు అయింది, చచ్చిపోయానా?"

"లేదుగా," అంది అబేకే. ఆ ఒక్క మాటలోనే ఎంతో ఊరట ఉంది.

ఏం చెప్పినా తల్లి దాన్ని తన ఉపవాసానికి సాక్ష్యంగానే తీసుకుంటుంది. మొరెనికే కుర్చీ దిగి కింద చాప మీద కూర్చుంది. పెళ్ళయ్యాక మొదటిసారిగా ఆ ఇంటి కంచం ముందుకి లాక్కుంది. చిన్నది పెట్టబోయిన ముద్ద తీసుకుని తను తినేసింది. తరవాత ఇంకోటి తిన్నది. కళ్ళలోంచి కారేది పులుసులో పడుతున్నా తుడుచుకోకుండా కంచం ఖాళీ చేసింది.

"ఇంకాస్త వెయ్యనా?" అంది అబేకే.

"వెయ్యి."

ఆవిడ గోడ పట్టుకుని లేచి, కుండలోంచి తెచ్చి వడ్డించింది. కూతురు తింటుంటే ఎదురుగా కూర్చుని చూసింది. ఉపవాసం ఆపుతాననలేదు, కూతురూ మళ్ళీ అడగలేదు.

ఇబాదాన్‌ బస్సు వెళ్ళాక కంచాలు కడిగి బోర్లించింది. గుమ్మంలో కూర్చుని ఆకాశం కేసి చూసింది. పొద్దు గూకడానికి ఇంకా రెండు గంటలుంది.